ప్రతినాయకుడు లేని కథ: యండమూరి వ్యక్తిత్వ వికాస రచనలపై ఒక పరిశీలన

తెలుగు పరిశోధనలో యండమూరి వీరేంద్రనాథ్ పేరు సాధారణంగా రెండు సందర్భాల్లో ప్రస్తావనకు వస్తుంది: 1980ల నాటి వారపత్రికల ధారావాహికలు, వాటి వెంట సాగిన క్షుద్ర సాహిత్య వివాదం. ‘విజయానికి ఐదు మెట్లు’ మొదలైన ఆయన వ్యక్తిత్వ వికాస గ్రంథాలు మాత్రం విమర్శకుల దృష్టిని తగినంతగా ఆకర్షించలేదు. అవి సాహిత్యం కావన్న ఒక్క మాటతో పక్కన పెట్టడం సులభమే. కానీ విద్యార్థి వసతిగృహంలో ‘మహాప్రస్థానం’ తిరిగిన చేతుల్లోనే ‘విజయానికి ఐదు మెట్లు’ కూడా తిరిగిందన్నది ఈ వ్యాసకర్త స్వానుభవం. పాఠకులు ఒకే చేత్తో పట్టుకున్న రెండు పుస్తకాల్లో ఒకదానినే విమర్శ చదవడం సమంజసం కాదు.

యండమూరి చదువు రీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. ‘రఘుపతి రాఘవ రాజారాం’ వంటి నాటకాలతో రంగస్థలంపై పేరు తెచ్చుకుని, నవలల ద్వారా విస్తృత పాఠకాదరణ పొందారు. నాటకం నుంచి సంఘర్షణను, ధారావాహిక నుంచి ఉత్కంఠను ఆయన పట్టుకున్నారు. ఈ రెంటికీ ఎదురు నిలిచే శక్తి ఒకటి అవసరం. ఆయన ప్రసిద్ధ నవలలన్నింటిలో ఆ శక్తి కథానాయకుడికి వెలుపలే ఉంటుంది. ‘అభిలాష’లో మరణశిక్షను రద్దు చేయించాలని తపించే యువ న్యాయవాది చట్టంతో తలపడతాడు. ‘తులసిదళం’లో పసిపిల్లను చేతబడి చుట్టుముడుతుంది, వైద్యుల ప్రయత్నం, మాంత్రిక ప్రతిక్రియ పక్కపక్కనే సాగుతాయి. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో చదరంగ క్రీడాకారుడైన రేవంత్‌కు ఫోనులో వినిపించే అజ్ఞాత కంఠమే ప్రత్యర్థి. ఆమె విసిరే చిక్కుముడులను విప్పుకుంటూ అతడు ఆమెను చేరాలి. అంతిమంగా మృత్యువు అతడికంటే ముందు చేరుతుంది.

ప్రస్తుత చర్చకు అన్నింటికంటే ముఖ్యమైనది ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’. దీని ఆధారంగా 1984లో ‘ఛాలెంజ్’ చలనచిత్రం వచ్చింది. ఒక నిరుద్యోగ యువకుడు 5 ఏళ్లలో 50 లక్షలు సంపాదిస్తానని సంపన్నుడితో పందెం కాయడం ఆ చిత్రకథకు ఇరుసు. ధనార్జనను లక్ష్యంగా, గడువును నియమంగా, తెలివిని సాధనంగా ఎంచుకున్న ఈ కథలో భావి వ్యక్తిత్వ వికాస రచయిత అప్పటికే కనిపిస్తున్నాడు. 5 ఏళ్ల గడువుకూ 5 మెట్లకూ ఉన్న సామ్యం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా రెండుచోట్లా విజయానికి లెక్క ఉంటుందన్న నమ్మకం ఒకటే. భేదం వేరేచోట ఉంది. పందెంలో ఎదుట ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతడి సంపద, అహంకారం, నిరుద్యోగిని అతడు చూసే చూపు కథలో భాగాలు. యువకుడి పేదరికానికి ఒక ఎదుటిపక్షం ఉంది.

వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లో ఆ ఎదుటిపక్షం అదృశ్యమవుతుంది. చిన్న కథ, పురాణపాత్ర, చమత్కారపు మలుపు, పాఠకుణ్ణి నిలదీసే ప్రశ్న వంటి నవలాకారుడి పనిముట్లన్నీ యథాతథంగా ఉంటాయి. ‘తప్పు చేద్దాం రండి’ అన్న శీర్షికలోని కవ్వింపు కూడా ధారావాహిక రచయితదే. కానీ ఇక్కడ గెలవవలసిన శత్రువులు భయం, ఆందోళన, బద్ధకం, ఏకాగ్రతాలోపం. నవలలో నాయకుడి స్థానంలో తనను ఊహించుకున్న పాఠకుడు ఇక్కడ నాయకుడూ ప్రతినాయకుడూ తానే కావలసి వస్తుంది.

ఇది ఉపదేశ సాహిత్యానికి సహజ లక్షణమే కదా అన్న ఆక్షేపణ రావచ్చు. మన నీతి సాహిత్యం అందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతుంది. అడిగిన జీతం ఇవ్వని యజమానిని కొలిచి కష్టపడవద్దని చెప్పిన పద్యం సుమతీ శతకంలో ఉంది. అక్కడ దోషం యజమానిది. వాణ్ణి వదిలి నాగలి పట్టడం సేవకుడి వివేకం. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) మిత్రభేదంలో దమనకుడు లేకుండా పాఠమే లేదు. ఎవరిని నమ్మాలి, ఎవరికి దూరంగా ఉండాలి, రాజు చెవిలో ఎవరు ఏమి ఊదుతున్నారు అన్నవే నీతి అడిగే ప్రశ్నలు. నీతిచంద్రిక వెలువడిన 6 ఏళ్లకు, 1859లో, ఇంగ్లండులో శామ్యూల్ స్మైల్స్ ‘సెల్ఫ్ హెల్ప్’ ప్రచురించాడు. వ్యక్తి ఉన్నతికి అతడి శీలమూ శ్రమా మూలమన్న ఆ గ్రంథధోరణి, 1936 నాటి డేల్ కార్నెగీ పుస్తకంలో మనుషులను మెప్పించే నేర్పుగా మారింది. యండమూరి పురాణపాత్రలను వాడినంత మాత్రాన ఆయన వచనాన్ని శతక వారసత్వంలో చేర్చలేం. దృష్టాంతాలు మనవి, లోకాన్ని చూసే చూపు స్మైల్స్, కార్నెగీలది.

ఈ మార్పును కేవలం పతనంగా చిత్రించడం కూడా న్యాయం కాదు. 1991 తర్వాతి ఆర్థిక సరళీకరణ, ప్రవేశ పరీక్షలు, కార్పొరేట్ కళాశాలల మధ్య నిలిచిన యువకుడికి ఇంటర్వ్యూ గదిలో నోరు పెగలకపోవడం నిజమైన కష్టమే. ఆ కష్టానికి తెలుగులో పేరు పెట్టి, తేలికైన వాక్యంలో, అవమానించకుండా మాట్లాడినవారు అరుదు. మొదటి తరం విద్యార్థికి ‘మీరు’ అన్న ఆ గౌరవవాచకం ఇచ్చిన ధైర్యాన్ని తక్కువ చేసి చూడకూడదు. అయితే అదే ‘మీరు’ అతడి భయానికి కారణాన్ని అతడిలోనే వెతకమంటుంది. ఆంగ్ల మాధ్యమం లేని బడి, తండ్రి అప్పు, కులం పేరుతో వినవలసి వచ్చిన మాట, ఇవన్నీ ఆ భయంలో ఉన్నాయి. నవలాకారుడిగా యండమూరి చేతిలో వీటిలో ఏదైనా ఒక పాత్రగా మారి ఎదురు నిలిచి ఉండేది. ఉపదేశకుడి చేతిలో అవి దాటవలసిన నేపథ్యం మాత్రమే అయ్యాయి.

కథానిర్మాణం దృష్ట్యా దీనికొక పర్యవసానం ఉంది. ధారావాహిక ఎంత సాగినా, ఎదుటిశక్తి గెలుపో ఓటమో తేలినప్పుడు ముగుస్తుంది. పందెం గడువు తీరుతుంది, న్యాయస్థానం తీర్పు చెబుతుంది, చివరికి రేవంత్ కథ కూడా విషాదంతోనైనా పూర్తవుతుంది. తనలోని శత్రువుతో పోరాటానికి అటువంటి చివరి వారం లేదు. అందువల్లనే కాబోలు, ఐదు మెట్లు ఎక్కిన పాఠకుడి కోసం అదే రచయిత ‘విజయానికి ఆరో మెట్టు’ కూడా రాయవలసి వచ్చింది.