దాళ్వా బురదలో పరుగు

చలికాలంలో బురద దొరకడం తేలిక కాదు. తెలుగునేలలో చాలాచోట్ల కార్తీకం దాటాక చేలు ఆరిపోతాయి, పుష్యానికి నేల గట్టిపడుతుంది. గోదావరి డెల్టా తీరు వేరు. తొలిపంట సార్వా కోతలు ముగిసి ధాన్యం ఇంటికి చేరిందో లేదో, రెండో పంట దాళ్వాకు కాలువ నీళ్ళు వచ్చేస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో, మంచు బాగా కురిసే రోజుల్లోనే ఇక్కడ ఆకుమళ్ళు పచ్చగా ఉంటాయి, దమ్ము చేసిన చేలు నల్లగా మెరుస్తుంటాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి ఆర్థర్ కాటన్ కాలువలు పారించకపోయి ఉంటే ఈ చలికాలపు తడి మనకు ఉండేది కాదు. మొగల్తూరు ఆ కాలువల శివారున, సముద్రానికి దగ్గరగా ఉంది. శివారు కనుక నీరు ఆలస్యంగా అందుతుంది, నాట్లూ ఆలస్యంగా పడతాయి, బురదా ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది.

ప్రపంచంలో ఒక పరుగు పందేనికి సరిగ్గా ఇవే కావాలి. చలి, తడి నేల, గట్లూ గుంతలూ, కలిసి పరిగెత్తే మనుషులు. దాన్ని క్రాస్‌కంట్రీ అంటారు. మొగల్తూరు అనగానే లోకానికి చిరంజీవి, కృష్ణంరాజు గుర్తొస్తారు. నాకు మాత్రం ఆ ఊరి చుట్టూ ఉన్న పుంతలు, కాలువ గట్లు, పేరుపాలెం తీరపు ఇసుక, సరుగుడు తోటలు కలిసి ఒక మంచి పరుగుబాటగా కనిపిస్తాయి. అలాంటి నేల మీద ఏళ్ళ తరబడి కుర్రాళ్ళు పరిగెడుతూనే ఉన్నారు. కానీ ఆ పరుగులో ఆనందం ఉంటుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

క్రాస్‌కంట్రీ మొదలైంది ఇంగ్లండు బడుల్లో. ఇద్దరు పిల్లలు ముందు పరిగెడుతూ కాగితం ముక్కలు చల్లుకుంటూ పోతారు, మిగతావాళ్ళు ఆ జాడ పట్టుకుని వాగులూ కంచెలూ దాటుకుంటూ వెంటపడతారు. ష్రూస్‌బరీ, రగ్బీ బడుల్లో 19వ శతాబ్దం తొలి సగంలోనే ఈ ఆట నడిచింది. పెద్దవాళ్ళకు అబ్బిన తీరు గోదావరి జిల్లాలవాళ్ళకు ఇంకా దగ్గరగా ఉంటుంది. లండన్‌లో థేమ్స్ నది మీద పడవ పందేలు ఆడేవాళ్ళు చలికాలంలో ఒళ్ళు బిగుసుకుపోకుండా ఏదో ఒకటి చెయ్యాలనుకుని 1867 డిసెంబరులో వింబుల్డన్ మైదానంలో పరుగు పందెం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది అది థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్ అనే సంఘమైంది. ప్రపంచంలో అన్నిటికన్నా పాత క్రాస్‌కంట్రీ సంఘం అదే. 1876లో ఇంగ్లండు జాతీయ పోటీ మొదటిసారి ఎప్పింగ్ అడవిలో పెడితే పరిగెత్తినవాళ్ళంతా దారి తప్పారు. ఆ పందెం చెల్లదన్నారు, మరుసటేడు మళ్ళీ పెట్టారు. ఇవాళ అదే పోటీకి వేలమంది వస్తారు. వాళ్ళలో పతకం కోసం వచ్చేవాళ్ళు బహుకొద్దిమంది. మిగతావాళ్ళు ఆఫీసుల్లో, దుకాణాల్లో, ఆస్పత్రుల్లో పనిచేసుకుంటూ శనివారం బురదలో తడవడానికి వచ్చేవాళ్ళు.

ఈ పందెం ఒలింపిక్స్‌లోనూ ఉండేది. 1924 జులైలో పారిస్‌లో మండే ఎండలో జరిపారు. 38 మంది మొదలుపెడితే 15 మందే చివరిదాకా వచ్చారు. ఫిన్లండ్‌కు చెందిన పావో నుర్మి గెలిచాడు, వెనకాల వాళ్ళు దారిపొడవునా కుప్పకూలారు. దాంతో దాన్ని ఒలింపిక్స్ నుంచి తీసేశారు. చలికాలపు ఆటను ఎండలో ఆడిస్తే ఏమవుతుందో ఆ రోజు తేలిపోయింది. మన దగ్గర మే నెలలో గట్టు మీద పరిగెత్తినవాడికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అదే జనవరి తెల్లవారుజామున డెల్టాలో వేడి 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. దూరపు పరుగుకు ఏడాదిలో మనకు దొరికే మంచి కాలం ఆ రెండు మూడు నెలలే.

మన కుర్రాళ్ళు ఎందుకు పరిగెడతారో కూడా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్ళు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచెయ్యాలి. సైన్యంలో చేరాలంటే అదే దూరం 5 నిమిషాల 30 సెకన్ల లోపు పరిగెత్తినవాడికి ఎక్కువ మార్కులు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి మొదటి ప్రపంచయుద్ధం నాడే మనుషులు సైన్యానికి వెళ్ళారు, దాన్ని మిలటరీ మాధవరం అంటారు. స్వర్ణ వరి వంగడం పుట్టిన మార్టేరు నుంచి సత్తి గీత 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు రిలే జట్టుతో వెళ్ళింది. పరుగు ఈ ప్రాంతానికి కొత్త కాదు. అయితే ఉద్యోగం కోసం పరిగెత్తేవాడి చేతిలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉంటుంది. సెలక్షన్ అయ్యాక, లేదా వయసు దాటిపోయాక, చాలామంది ఆ బూట్లు అటకెక్కిస్తారు. నన్ను బాధపెట్టేది అదే. ఇరవై రెండేళ్ళకు అంత కష్టపడి సంపాదించుకున్న ఊపిరి ఇరవై ఆరేళ్ళకు ఎందుకు పోవాలి?

బురద ఆ స్టాప్‌వాచ్‌ను పక్కన పెట్టిస్తుంది. తారు రోడ్డు మీద కిలోమీటరుకు ఎన్ని నిమిషాలని లెక్క కడతాం. చేలో ఆ లెక్క చెల్లదు. నిన్న వాన పడితే ఒకలా, నాలుగు రోజులు ఎండ కాస్తే ఇంకోలా ఉంటుంది నేల. అందువల్ల ఎంత సేపట్లో వచ్చావన్నది ఎవరూ అడగరు, ఎవరి వెనకాల వచ్చావన్నదే అడుగుతారు. పక్కన ఉన్న మనిషే కొలత. చాలా ఏళ్ళు వాచీని చూసి పరిగెత్తినవాడికి ఇది పెద్ద విడుదల.

ఇక బురదలో పరిగెత్తే పద్ధతి. దీనికి పుస్తకాలు తిరగేసే ముందు దమ్ము చేసిన చేలో ఆకు కట్టలు మోసే మనిషిని గమనించాలి. అడుగు తీసేటప్పుడు పాదాన్ని బల్లపరుపుగా పైకి లాగరు. మడమ ముందు లేస్తుంది, వేళ్ళు కిందికి వాలి చివర్న వస్తాయి. అలా చేస్తే పాదం కిందికి గాలి చొరబడుతుంది, బురద పట్టు వదులుతుంది. పాదం మొత్తాన్ని ఒక్కసారి లాగితే బురద వెనక్కి గుంజుతుంది, బూటైతే అక్కడే ఉండిపోతుంది. అడుగు కూడా నేరుగా పైనుంచి దిగుతుంది, ముందుకు జారుతూ పడదు. డెల్టాలో కూలిపనికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఈ విద్య తెలిసినవాళ్ళు ఉన్నారు. పరుగుకు కావలసింది దాన్ని కాస్త వేగంగా చేయడమే.

అంగలు చిన్నవిగా, గబగబా వెయ్యాలి. పొడుగు అంగ వేస్తే పాదం ఒంటి బరువుకు చాలా ముందు పడుతుంది, జారేది అక్కడే. పాదం నడిమి భాగం మీద దిగాలి. చేతులు రోడ్డు మీద కన్నా కొంచెం వెడల్పుగా ఆడనివ్వాలి, తూకం వాటితోనే నిలుస్తుంది. చూపు కాలి దగ్గర కాకుండా మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. నీళ్ళగుంత కనిపిస్తే పక్కనుంచి తప్పుకుపోవాలని అనిపిస్తుంది. కానీ అంచు మీదే జారుడు ఎక్కువ, మలుపు తిరిగితే చీలమండ మెలిపడుతుంది. గుంతలోంచే తిన్నగా వెళ్ళాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దల మాట. ఈ ఆటలో మాత్రం అడుసు తొక్కడానికే వస్తాం, మొదటి నిమిషంలోనే మోకాలిదాకా తడిపేసుకుంటే ఆ తర్వాత భయపడటానికి ఏమీ మిగలదు.

గట్టు ఎక్కేటప్పుడు నడుము వంచకుండా చీలమండల దగ్గర్నుంచి ఒళ్ళంతా కొద్దిగా ముందుకు వాలాలి. దిగేటప్పుడు వెనక్కి వాలి బ్రేకు వేస్తే తొడలు పట్టేస్తాయి, అడుగులు ఇంకా చిన్నవి చేసుకుంటూ వదిలెయ్యాలి. కోసిన చేలో వరి మోళ్ళ మధ్య వరసల్లోనే కాలు పడేలా చూసుకోవాలి. ట్రాక్టరు కేజ్ వీల్స్ తిరిగిన చోట గాడి లోతు పైకి తెలియదు, అక్కడ నడిచినా తప్పులేదు. నా అభిప్రాయంలో చీలమండ లోతు దాకే పరుగు. మోకాలి లోతు ఊబిలో పరుగు మోకాలి కీళ్ళకు చేటు.

పోటీల్లో అడుగున ముళ్ళున్న స్పైక్ బూట్లు వాడతారు, మెత్తటి నేలకు 12, 15 మిల్లీమీటర్ల మేకులు బిగిస్తారు. మామూలు వాళ్ళకు అవి అవసరం లేదు. అడుగున గళ్ళు లోతుగా ఉన్న పాత బూట్లు చాలు, లేసు రెండు ముళ్ళు వేసి బిగించి కట్టాలి. నూలు మేజోళ్ళు నీరు పీల్చి బరువెక్కి బొబ్బలు తెప్పిస్తాయి కనుక పలచటి నైలాన్‌వి మేలు. ఉత్త కాళ్ళతో పరిగెత్తడం ఇక్కడి పిల్లలకు అలవాటే, హాయిగానూ ఉంటుంది. కానీ నత్తగుల్లలు, గాజు పెంకులు, పాత ఇనుప తీగలు బురదలో కనబడవు.

డెల్టాలో కొండలు లేవు. కొండ లేనిచోట చలికాలపు సాధన ఎలా అని అడుగుతారు. కాలువ వంతెనల అప్రోచ్‌లు ఉన్నాయి, ఏటిగట్టు ఏటవాలు ఉంది, అన్నిటికన్నా పేరుపాలెం ఇసుక ఉంది. 1998లో బెల్జియం పరిశోధకులు లెక్కగట్టిన ప్రకారం ఇసుకలో పరిగెత్తితే గట్టి నేల మీద కన్నా 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది, నడిచినా 2.1 నుంచి 2.7 రెట్లు. అలల తడికి బిగిసిన ఇసుక మీద మొదలుపెట్టి పొడి ఇసుకలోకి మారుతూ పోతే చదునైన నేల మీదే కొండెక్కినంత పని అవుతుంది.

ఎంత గట్టిగా పరిగెత్తాలన్న విషయంలో మనవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. రోజూ ప్రాణం పోయేలా 1600 మీటర్లు పరిగెత్తి, నెల తిరిగేసరికి పిక్క ఎముక నొప్పితో మంచమెక్కుతారు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ దీనికి విరుగుడు చూపించాడు. చలికాలమంతా తన దగ్గరి కుర్రాళ్ళచేత నెమ్మదిగా, చాలా దూరం, కొండదారుల్లో పరిగెత్తించేవాడు. 800 మీటర్ల పరుగువాడికైనా అదే సాధన. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో అతని శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో ఒకే పూట బంగారు పతకాలు గెలిచారు. నెమ్మది అంటే ఎంత? పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత. మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. ఈ ఒక్క కొలత పెట్టుకుంటే పరుగు తప్పనిసరిగా ఇద్దరి పని అవుతుంది. వారంలో ఒకసారి స్వీడన్‌వాళ్ళ ఫార్ట్‌లెక్ చెయ్యొచ్చు. ఆ కరెంటు స్తంభం దాకా జోరుగా, ఆ తూము దాకా నెమ్మదిగా, ఎదురుగా సైకిల్ వచ్చేదాకా మళ్ళీ జోరుగా. స్తంభాన్ని ఎంచేది ఈసారి ఒకరు, మరుసారి ఇంకొకరు.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది గెలుపును లెక్కగట్టే తీరు. జట్టులో నలుగురి స్థానాలు కూడతారు, తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది. ఒక ఊరి జట్టులో మొనగాడు మొదట వచ్చి, మిగతావాళ్ళు 20, 25, 40 స్థానాల్లో వస్తే మొత్తం 86. పక్క ఊరివాళ్ళు 10, 12, 15, 18 స్థానాల్లో కలిసికట్టుగా వస్తే 55. పక్క ఊరే గెలిచింది. మొదట వచ్చినవాడు గట్టు మీద నిలబడి తన నాలుగోవాడి కోసం గొంతు చించుకుని అరవాల్సిందే. కెన్యా మగవాళ్ళ జట్టు 1986 నుంచి 2003 దాకా ఏటా ప్రపంచ క్రాస్‌కంట్రీ టైటిల్ గెలిచింది. అన్నేళ్ళు ఒక్క మొనగాడు మోయలేడు, గుంపుగా సాధన చేసి గుంపుగా పరిగెత్తడమే దాని వెనక ఉన్నది. 2019లో డెన్మార్క్‌లోని ఆర్‌హుస్‌లో ప్రపంచ పోటీ జరిగినప్పుడు దారిలో కావాలనే బురదగుంట, ఇసుక పెట్టారు, మ్యూజియం గడ్డి కప్పు మీదుగా పరిగెత్తించారు. అదే దారిలో మామూలు జనాన్నీ పరిగెత్తనిచ్చారు. వాళ్ళు పనిగట్టుకుని తయారుచేసుకున్న బురద మన దాళ్వా చేలో ఏటా దానంతటదే వస్తుంది.

జాగ్రత్తలు చెప్పకుండా ఎవరినీ బురదలోకి రమ్మనకూడదు. వరి చేల నీళ్ళలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం సోకుతుంది. కాలికి పుండో కోతో ఉన్నవాళ్ళు ఆ వారం రోడ్డు మీదే పరిగెత్తాలి. పరుగయ్యాక కాలువలో కాదు, మంచి నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కోవాలి. ఆ తర్వాత నెల రోజుల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు వస్తే బురదలో తిరిగామని డాక్టరుకు తప్పక చెప్పాలి. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్ల కరెంటు తీగలుంటాయి, మంచులో కనిపించవు, అటు పోవద్దు. పాముల భయం ఉంది కనుక వెలుతురు వచ్చాకే చేలోకి దిగాలి. ఇక చేను రైతుది. నాటిన చేలో అడుగు పెట్టకూడదు, దమ్ము చేసి చదును పట్టిన చేలో అసలే పెట్టకూడదు. ఆ చదును చెడితే నీరు సమంగా నిలవదు. కోత అయి ఇంకా దమ్ము మొదలుకాని చేను, అదీ రైతును అడిగి.

సంక్రాంతికి ఈ ప్రాంతానికి ఎంతమంది వస్తారో అందరికీ తెలుసు. హైదరాబాదులో, విశాఖలో మారథాన్లు పరిగెత్తేవాళ్ళు కూడా ఆ రోజుల్లో సొంత ఊళ్ళలోనే ఉంటారు. భోగి ముందు ఆదివారం పేరుపాలెం ఇసుకలో మొదలుపెట్టి, సరుగుడు తోటలోంచి పుంత పట్టుకుని, అడిగి తీసుకున్న రెండు ఎకరాల కోత చేను దాటి, కాలువ గట్టు మీదుగా మళ్ళీ ఇసుకకు వచ్చే 2 కి.మీ. చుట్టు ఒకటి గీస్తే చాలు. పెద్దలకు మూడు చుట్లు, పిల్లలకు ఒకటి. ఊరికి ఆరుగురి జట్టు, లెక్కకు నలుగురు. జట్టులో కనీసం ఇద్దరు ఆడపిల్లలు ఉండాలని నియమం పెట్టాలి. లేకపోతే వాళ్ళను ఎవరూ పిలవరు. సున్నం గీతలు, వెదురు కర్రలకు కట్టిన ఎర్ర గుడ్డలు, తాగడానికి నీళ్ళు, కాళ్ళు కడగడానికి ఒక ట్యాంకరు, గాయాలకు మందులపెట్టె. స్థానాలు రాసుకోవడానికి చేతిరాత బాగున్న మనిషి ఒకరు. అందరికన్నా వెనక పరిగెత్తేవాళ్ళతో కూడా నడవడానికి ఇద్దరు. ఆ ఇద్దరినీ ముందు వెతుక్కుని ఆ తర్వాతే తేదీ పెట్టుకోవాలి.