ఆదివారానికి ఒక ఇల్లు

ఆగస్టు వచ్చిందంటే బళ్ళారి జిల్లాలోని మా సిరిగేరిలో నాట్లతోపాటు ఫోన్లూ మొదలవుతాయి. తుంగభద్ర కాలువ నీళ్లొచ్చి ఊరంతా మడుల్లో దిగి ఉన్న వేళ, బెంగళూరు నుంచో ధారవాడ నుంచో కొత్తగా కాలేజీలో చేరిన పిల్ల ఫోను చేస్తుంది. కాసేపు మాట రాదు. ఆ తర్వాత, "నేనీడ ఉండలేనమ్మా." సాయంత్రానికి తండ్రి బురద కాళ్లు కడుక్కుని మా ఇంటికొస్తాడు. "సార్, వాళ్లమ్మ నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. పోయి పాపను పిల్చుకొచ్చేస్తా. బళ్ళారిలోనే చదువుకోనీలెండి."

బడిపంతులుగా రిటైరైన నాకు ఈ పంచాయితీ ఎవరూ అప్పజెప్పలేదు, వచ్చి పడింది. చేయగా చేయగా దీనికీ నేర్పు కావాలని తెలిసింది.

"నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే" అని మాత్రం నేననను. బెంగ అంటే వేషాలు కాదు. 1688లో స్విట్జర్లాండ్‌లో యోహానెస్ హోఫర్ అనే పంతొమ్మిదేళ్ల వైద్య విద్యార్థి దీనిమీదే సిద్ధాంత వ్యాసం రాశాడు. బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడి సంగతి అందులో ఉంది. దిగులు, విడవని జ్వరం, గుండెలో ఆరాటం. ఇక బతకడనుకున్నారు. రోగమేమిటో కనిపెట్టింది పెద్ద డాక్టరు కాదు, ఎనిమా ఇవ్వడానికి వచ్చిన మందులాయన. ఇంటికి పంపడం తప్ప దీనికి మందు లేదన్నాడు. ప్రయాణానికి మూటాముల్లె సర్దుతుండగానే కుర్రాడు తేరుకున్నాడు, బెర్న్ చేరకముందే మామూలు మనిషయ్యాడు.

ఆ మందు మన పిల్లలకు మరీ చేతికందేలా ఉంది. రాత్రి బెంగళూరులో హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి బళ్ళారి. ప్రతి శుక్రవారం బయల్దేరి ఆదివారం తిరుగుబండి ఎక్కే పిల్ల రెండుచోట్లా చుట్టమే అవుతుంది. అందుకని తండ్రికి చెబుతాను: "తొందరపడొద్దప్పా. దసరాకు వస్తుంది కదా, ఆ తారీకు ఇప్పుడే పాపకు చెప్పు." వచ్చే రోజు తెలిస్తే ఉండటం కొంచెం తేలిక.

అసలు ఈ పిల్లలకు కష్టం కిలోమీటర్లతో కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, వీధిలో రెండూ కలగలిపిన మాట. బెంగళూరు పోతే వీళ్ల కన్నడకు నవ్వుతారు. హైదరాబాదు పోతే వీళ్ల తెలుగుకు "మీదే ఊరు?" అంటారు. క్లాసులో ఆ రెండూ కావు, ఇంగ్లీషు. కన్నడ మీడియంలో మొదటి బెంచీ మీద కూర్చున్న పిల్ల అక్కడ నోరు తెరవడానికి భయపడుతుంది. 2013లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 371-జె అధికరణం పుణ్యమా అని మా ప్రాంతం బయటి కాలేజీల్లోనూ మా పిల్లలకు 8 శాతం సీట్లున్నాయి. సీటు చట్టం ఇచ్చింది. పక్కన కూర్చుని మాట్లాడే మనిషిని ఏ చట్టమిస్తుంది?

మన పెద్దల కాలంలో వారాలుండేవి. ఊరు విడిచి చదువుకునే పేద కుర్రాడికి సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. అందులో అవమానాలకు కొదవలేదు, ఆ విస్తరి కులం చూసి వేసేదే. అలాంటి గడపలు దొరకని పిల్లలకు హాస్టళ్లు ఆసరా అయ్యాయి. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో వచ్చింది. సోలాపూర్‌లో అంబేద్కర్ 1925లో ఒకటి తెరిపించారు. మా తుమకూరు సిద్ధగంగ మఠంలో శివకుమార స్వామి కులమతాలు అడక్కుండా వేలమంది పిల్లలకు అన్నం పెట్టి చదివించారు. వారాలు మళ్లీ రావాలని నేను కోరుకోను. అయితే గురువారం కుర్రాడు రాకపోతే, గురువారం ఇంటావిడ "ఏడీ వీడు?" అని అడిగేది. మెస్‌లో ఒక పిల్ల ప్లేటు తీసుకోకపోతే అడిగేదెవరు?

అందుకే నేను చేసే పనల్లా ఆదివారానికి ఒక ఇల్లు వెతకడం. సిరుగుప్ప వైపు నుంచి పోయి బెంగళూరులో స్థిరపడినవాళ్లు బోలెడుమంది. నాలుగు ఫోన్లు కొడితే ఏదో ఒక ఇల్లు దొరుకుతుంది. ఆ ఇల్లాలికి ముందే చెబుతాను: మార్కులడగొద్దు, ఓదార్చొద్దు, ఉల్లిగడ్డలు తరగమనండి. పిల్ల సొంత మాటలో వాగనీయండి.

తల్లికి చెప్పేవి వేరు. "ఏడ్చినావా?" అని అడిగితే ఏడవని పిల్ల కూడా ఏడుస్తుంది. "మీ రూములో పిల్లది ఏ ఊరు? దానికేం ఇష్టం?" అని అడగాలి. జవాబు చెప్పడానికైనా మన పిల్ల ఆ పిల్లతో మాట్లాడాలి కదా! రొట్టెలు పంపేటప్పుడు రూమంతటికీ సరిపడా పంపాలి. కరకరలాడే జొన్నరొట్టెలు, గురెళ్ల పొడి, శెనక్కాయ పొడి. ఒక్కదానికే పంపితే తలుపేసుకుని తిని ఏడుస్తుంది. పదిమందికి పంపితే పంచక తప్పదు, పొడి ఏమిటో చెప్పకా తప్పదు. స్నేహాలు కలపడంలో గురెళ్ల పొడిని మించిన వార్డెన్‌ను నేను చూడలేదు.

ఇవన్నీ బెంగకే. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, క్లాసులకు పోకుండా పడుకునే ఉన్నా, చావు మాట ఎత్తినా రొట్టెలతో అయ్యే పని కాదు. అప్పుడు దసరా దాకా ఆగమని నేననను. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ కన్నడలోనూ. అవసరమైతే తండ్రిని ఆ రాత్రి బండికే పంపుతాను.

మొన్న వచ్చినాయన అంతా విని, "ఆ బెంగళూరు ఇంటివాళ్లకు మేమేమియ్యాల సార్?" అన్నాడు. డబ్బు మాటెత్తొద్దన్నాను. కోతలయ్యాక సోనా బియ్యం ఒక మూట పంపమన్నాను. "ఒకటెందుకు సార్, రెండు పంపుతా. పాప కూడా ఆ అన్నమే తింటుంది కదా."