మార్చగలిగేలా రాసే విద్య

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ కొత్త శ్లాబులు ప్రకటించింది. 22 నుంచే అమలు. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు 18 శాతం నుంచి 5కి దిగాయి. పెద్ద టీవీలు 28 నుంచి 18కి వచ్చాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల చేతిలో మూడు వారాలు కూడా లేవు. పద్ధతిగా కట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఇది పట్టికలో కొన్ని వరుసలు చేర్చేంత పని. పద్ధతి లేకుండా కట్టినదానికి రాత్రింబవళ్లు జాగారం.

18 చెరిపేసి 5 రాస్తే పోలేదా అని అడిగేవారుంటారు. పోదు. 20న కొన్న షాంపూను 25న తిరిగి తెచ్చిస్తే, పాత బిల్లులోని పాత రేటు ప్రకారమే పన్ను వెనక్కి ఇవ్వాలి. అంటే రేటు ఒక్కటే తెలిస్తే చాలదు, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో కూడా సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. మొదటి రోజునే ఆ తేదీకి చోటుంచినవాడు పనివాడు. కోడులో యాభై చోట్ల 18 అని రాసిపోయినవాణ్ని నేను ప్రోగ్రామర్ అనను.

ఈ అవసరం తెలుగువాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. జీఎస్టీ లెక్కల్లో తెలంగాణకు 36, కొత్త ఆంధ్రప్రదేశ్‌కు 37 అని కోడ్‌లు వచ్చాయి. 2016 దసరాకు తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2024 మార్చిలో తెలంగాణ కొత్త బండ్ల నంబర్ ప్లేట్ల మీది టీఎస్ కాస్తా టీజీ అయింది. జిల్లాల పేర్లను కోడులోనే పొదిగేసినవాళ్లు ప్రతిసారీ తలుపులన్నీ పగలగొట్టుకుని లోపలికి వెళ్లాల్సి వచ్చింది.

మార్పును ముందే ఊహించి దానికి చోటు వదిలే ఈ విద్యకు, నా దృష్టిలో, ఆదిగురువు కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్. 1972లో ఆయన ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. అందులో తీసుకున్న ఉదాహరణ మరీ చిన్నది. కొన్ని వాక్యాలు ఇస్తే, ఒక్కో వాక్యంలో మొదటి మాటను చివరికి తిప్పుతూ పోగా వచ్చే రూపాలన్నిటినీ అక్షరక్రమంలో పేర్చి ఇచ్చే ప్రోగ్రాం. దాన్ని రెండు రకాలుగా విడగొట్టి చూపించారు. మొదటిది అందరికీ తోచేదే: చదివే భాగం, తిప్పే భాగం, పేర్చే భాగం, అచ్చువేసే భాగం. పని ఏ వరసలో జరుగుతుందో ఆ వరసలోనే కోడును కోశారు. రెండో పద్ధతిలో ఆయన వరసను పట్టించుకోలేదు. రేపు మారే అవకాశమున్న నిర్ణయాలేమిటో ముందు పట్టిక రాసుకుని, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో భాగంలో దాచారు. వాక్యాలను మెమరీలో వేరే రకంగా ఉంచాలనుకుంటే మొదటిదానిలో ప్రతి భాగాన్నీ విప్పాలి. రెండోదానిలో ఒక్క భాగం విప్పితే చాలు. రెండూ ఒకే పని చేస్తాయి, రెండూ ఒకే జవాబిస్తాయి. తేడా బయటపడేది మార్పు వచ్చిన రోజునే. యాభై ఏళ్లు దాటినా ఆ వ్యాసాన్ని మించింది నేను చదవలేదు. పన్ను రేటును ఒకచోట, జిల్లాల జాబితాను ఇంకోచోట దాచమని ఈనాడు ఎవరు చెప్పినా పార్నాస్ మాటే చెబుతున్నారు.

పార్నాస్ ఎక్కడ కోయాలో చెబితే, కోసే చేతికి ధైర్యం ఇచ్చింది ప్రోగ్రామర్ కెంట్ బెక్. 1996లో క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల ప్రాజెక్టులో అడుగుపెట్టి, తన తోటివాళ్లతో కలిసి ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సంప్రదాయాన్ని నిలబెట్టారు. ఆ ప్రాజెక్టును 2000లో ఆపేశారు కదా అని ఎత్తిపొడిచేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. ప్రాజెక్టు పోయింది, అందులో పుట్టిన పనితనాన్ని ప్రపంచమంతా వాడుకుంటోంది. ఆ ఎత్తిపొడుపుకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. 1997లో జ్యూరిక్ నుంచి అమెరికా వెళ్లే విమానంలో బెక్, ఎరిక్ గామా పక్కపక్కన కూర్చుని జేయూనిట్‌కు ప్రాణం పోశారు. ఒక్క ప్రయాణం! జావా రాసేవాళ్లు తమ కోడును తామే పరీక్షించుకోవడానికి దశాబ్దాలుగా వాడుతున్న పనిముట్టు అది.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెప్పాలి, అందం అంతా అక్కడే ఉంది. పన్ను లెక్క కట్టే కోడుకన్నా ముందే ఇలా రాసుకుంటారు: సెప్టెంబరు 21న అమ్మిన వంద రూపాయల షాంపూకు పన్ను 18. 22న అమ్మినదానికి 5. 20న కొన్నది 25న తిరిగొస్తే వెనక్కి ఇచ్చేది 18. కోడు ఇంకా లేదు కాబట్టి మూడూ తప్పుతాయి. అప్పుడు అవి నెగ్గేటంత కోడు మాత్రమే రాస్తారు. తర్వాత ఆ పరీక్షల కాపలాలో కోడును చక్కదిద్దుతారు. బయటికి కనిపించే పని మారకుండానే లోపలి అమరిక మారాలి. దాన్నే రీఫ్యాక్టరింగ్ అంటారు. ఆ పేరుతో 1999లో మార్టిన్ ఫౌలర్ రాసిన పుస్తకం నా బల్ల మీద అట్ట ఊడిపోయి ఉంది.

పాత కోడులో రేటు మార్చమని నిజమైన పనివాడికి ఇచ్చి చూడండి. ముందు రేటు జోలికే పోడు. యాభై చోట్ల ఉన్న 18లను ఒక్క ఫంక్షన్‌లోకి చేరుస్తాడు, పరీక్షలు నడిపిస్తాడు, అన్నీ నెగ్గితే భద్రపరుస్తాడు. ఆ ఫంక్షన్‌కు తేదీని పరిచయం చేస్తాడు, మళ్లీ పరీక్షలు, మళ్లీ భద్రం. మార్పు తేలికయ్యేలా ఇల్లంతా సర్దుకున్నాకే కొత్త రేటు చేరుస్తాడు. అప్పటికి అది ఒక్క వరుస. పక్కన కూర్చుని చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. అంత నెమ్మది, అంత నమ్మకం.

పరీక్షలే లేని పాత సాఫ్ట్‌వేర్‌ను బాగుచేసే మార్గం 2004లో మైకేల్ ఫెదర్స్ చెప్పారు. ఆయన లెక్కలో పరీక్షలు లేని కోడు నిన్న రాసినా పాతబడినదే. అదే ఏడాది ఫౌలర్ మరో దారి చూపించారు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవుల్లో చూసిన చెట్ల పేరే దానికి పెట్టి. మన ఊళ్లలోనూ తాటిచెట్టు మట్టల సందున పడ్డ మర్రివిత్తు మొలిచి, ఊడలు దించి, ఏళ్ల తరబడి తాడిని కమ్ముకుని చివరికి తానే చెట్టయి నిలబడుతుంది. అలాగే పాత సాఫ్ట్‌వేర్ ముందు ఒక కొత్త గుమ్మం పెట్టి, ఈ నెల బిల్లులు, వచ్చే నెల సరుకు లెక్కలు అంటూ ఒక్కో పనినీ కొత్తదానికి మళ్లిస్తారు. వ్యాపారం ఒక్కరోజూ ఆగదు. ఇలా కాక అంతా పడగొట్టి మొదటినుంచి రాస్తామని కూర్చున్న బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్, 2000లో ఆరో వెర్షన్ తెచ్చేసరికి బజారు మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది.

ఇక వాడకందారుల చేతికి చేర్చడం. ఫొటోల సైటు ఫ్లికర్‌లో రోజుకు పదిసార్లకు పైగా కొత్త కోడు పెడుతున్నామని 2009లో జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ వేదికెక్కి చెబితే సభ నివ్వెరపోయింది. చిన్న మార్పు, వెంటనే పరీక్ష, వెంటనే విడుదల, తేడా వస్తే వెంటనే వెనక్కి. ఈ క్రమశిక్షణ లేకపోతే ఏమవుతుందో అమెరికా షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్ చూపించింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడు చేరలేదు. 2003లోనే వాడకం మానేసిన పాత కోడు 2012 ఆగస్టు 1న అందులో నిద్ర లేచింది. ముప్పావుగంటలో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. వాడని కోడును ఏనాడో తీసేసి ఉంటే, చేత్తో కాక యంత్రంతో ఎక్కించి ఉంటే ఆ కంపెనీ తన కాళ్ల మీద నిలబడి ఉండేది.

ఇంత విద్య ఉంటే మన ఆఫీసుల్లో కనిపిస్తున్నదేమిటి? 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది పనివాళ్లు కూర్చుని, మార్పును ఆహ్వానిస్తూ సాఫ్ట్‌వేర్ చేసే పద్ధతి మీద అజైల్ ప్రకటన రాశారు. కోడు చేత్తో రాసి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాళ్లు. ఈరోజు అదే పేరు రెండు రోజుల తరగతికి, ఒక సర్టిఫికెట్‌కు అమ్ముడుపోతోంది. పొద్దున్నే గంటసేపు స్టాండప్ సమావేశం, రెండు వారాలకో స్ప్రింట్ అనే గడువు, గోడ నిండా రంగు చీటీలు, టికెట్ల లెక్క మీద పోటీ. మధ్యలో పరీక్ష ఒక్కటీ ఉండదు! రీఫ్యాక్టరింగ్‌కు రోజు అడిగితే క్లయింటు డబ్బివ్వడని మేనేజరు కసురుకుంటాడు. తంతు మిగిలింది, పని పోయింది. ఆ 17 మందిలో ఒకరైన రాన్ జెఫ్రీస్ 2018లో, అజైల్ పేరుతో జరుగుతున్నదాన్ని వదిలేయమని ప్రోగ్రామర్లకు చెప్పాల్సి వచ్చిందంటే ఇంతకన్నా అవమానం ఏముంది? అమీర్‌పేట శిక్షణ కేంద్రాల నుంచి అమెరికా దాకా వెళ్లిన మన పిల్లల తెలివికి లోటు లేదు. పనిముట్ల పేర్లు గడగడా చెబుతారు. పరీక్ష ముందు రాయమని మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు యంత్రమే పేజీల కొద్దీ కోడు రాసిస్తోంది. కాపలా లేని కోడు మరింత వేగంగా పేరుకుపోతోంది.

వ్యాపారులకు నా విన్నపం. సాఫ్ట్‌వేర్ చేయించుకునేటప్పుడు తెరల రంగులు చూసి మురిసిపోకండి. రేపు పన్ను రేటు మారితే ఎన్నాళ్లు పడుతుందో, ఎన్ని చోట్ల ముట్టుకోవాలో అడగండి. పరీక్షలు మీ కళ్లముందు నడిపి చూపించమనండి. కోడుతో పాటు ఆ పరీక్షలూ మీకే చెందాలని ఒప్పందంలో రాయించుకోండి. శుభ్రం చేసుకునే సమయానికి కూడా కూలి ఇవ్వండి. శిక్షణ కేంద్రాలు నడిపే పెద్దలారా, మీ మొదటి వారం పాఠాల్లో పార్నాస్ వ్యాసాన్ని, ఒక్క పరీక్షను చేర్చండి.