పలుకు లేని శత్రువు: ‘జాంబీ రెడ్డి’ పరిశీలన

ప్రళయానంతర భయానక చిత్రాల్లో ప్రాణం నిలుపుకొనే ఉపాయాలు ముఖ్యంగా మూడు: ఆయుధం, మూసిన తలుపు, తోటి మనిషి. జార్జి రొమెరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’లో మొదటి రెండూ ఉన్నాయి. నేలమాళిగలో దాగాలా, పైన నిలవాలా అన్న తగవు మూడోదాన్ని చెరిచింది.

ప్రశాంత్ వర్మ 2021లో జాంబీలను కర్నూలు ఫ్యాక్షన్ సీమకు తెచ్చారు. కత్తి, కోటలాంటి ఇల్లు ఫ్యాక్షన్ కథలకు కొత్త కావు. అయితే పగకు ఒక భాష ఉంది: సవాలు, వంశం, రాజీ. నాయకుడు ‘మారియో’ పేరు విప్పితే మర్రిపాలెం ఓబుల్‌రెడ్డి అవుతుంది. పేరే పక్షం చెబుతుంది. జాంబీకి నోరుంది, మాట లేదు. బావా అని పిలిచినా ఆగదు, రాజీకి రాదు. కనుక అక్కడ పలికినవాడే మనవాడు. ఈ భేదాన్ని చిత్రం నవ్వులకే వాడుకొని, లోతుకు పోకుండా వదిలేసిందని మా అభిప్రాయం.

కవితాళ విద్యార్థులకు కర్నూలు తుంగభద్ర ఆవలి ఒడ్డే. కన్నడం నడుమ తెలుగు మాట వినగానే మనిషిని పోల్చుకొనే చెవి మీది. ఆ చెవితో ఈ చిత్రాన్ని వినండి. ఎవరు ఎవరిని ఏమని పిలిచి కాపాడుకున్నారో రాసుకోండి.