ఏ ఎస్. శ్రీనివాసరావు?

కవాడిగూడలో మా సందులో “శ్రీనూ!” అని కేకేస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. ‘ఎస్. శ్రీనివాసరావు’ అన్నా అంతే. ‘మహాప్రస్థానం’ (1950) రాసిన శ్రీరంగమా, ‘ఆదిత్య 369’ (1991) తీసిన సింగీతమా? ఇంగ్లీషు పొడి అక్షరం ఇద్దర్నీ ఒక్కర్ని చేసేస్తుంది.

శ్రీశ్రీ కొత్త పేరేమీ వెతుక్కోలేదు. ఇంటిపేరులోంచి ఒక శ్రీ, సొంత పేరులోంచి ఇంకో శ్రీ తీసుకున్నాడు. మొదటి శ్రీ పుట్టుకతో వచ్చింది కూడా కాదు. పూడిపెద్ది వారింట పుట్టి, శ్రీరంగం వారికి దత్తత వెళ్తే దక్కింది. అందరి పేరునీ తనది చేసుకున్న ఆ రెండక్షరాలే నా దృష్టిలో అతని అతి చిన్న కవిత.

మనమేమో పుస్తకాల అట్టల మీద ఇంటిపేర్లని ఇంకా ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కుదించేస్తున్నాం. పేరున్నవాళ్లు ఎలాగూ దొరుకుతారు. తప్పిపోయేది, ఒకే ఒక్క పుస్తకం వేసుకున్న శ్రీనివాసరావు.