పొందూరు పాత పంచె విలువ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత ట్రంకు పెట్టెలున్న ఇళ్లలో, అడుగున మడతపెట్టిన పొందూరు ఖద్దరు పంచో కండువానో ఇంకా దొరుకుతుంది. పెట్టె ఖాళీ చేసే రోజున అది తుడుపు గుడ్డ అయిపోతుంది, లేదా స్టీలు సామాన్ల వాడి చేతికి పోతుంది. జరీ చీరనైతే జరీ ఉందని దాస్తాం. తెల్లటి నూలు బట్టలో దాచదగ్గదేముందనుకుంటాం. అందులో ఉన్నది పనితనం. ఆ పనితనానికి మన దగ్గర మిగిలిన గట్టి సాక్ష్యం ఆ బట్టే కనుక, దాన్ని ఏరి భద్రపరచడం అవసరమని నా వాదన.

పొందూరు సన్న ఖద్దరుకు వాడే కొండపత్తి పోగు పొట్టిది. మిల్లు యంత్రం సన్న నూలు తీయాలంటే పొడవు పోగు పత్తి కావాలి. పొట్టి పోగుతో 100 కౌంటు నూలు తీయడం చేతికే సాధ్యమైంది. అంత సన్నదనం అంటే ఒక పౌండు నూలు సుమారు 77 కిలోమీటర్ల పొడవు సాగాలి. శ్రీకాకుళంలో మొదలుపెడితే విజయనగరం దాటిపోతుంది. ఇందుకు మూలం రాట్నం కన్నా ముందు జరిగే పనిలో ఉంది. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని, దగ్గర దగ్గర పళ్లు చెత్తను తీసేసి పోగులన్నిటినీ ఒక వరసకు తెస్తాయి. తర్వాత చెక్క మీద పెట్టి సన్నని ఇనుప కడ్డీతో గింజ తీస్తారు; పోగు నలగదు, తెగదు. ఆపైన ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో భద్రం చేసి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. వరసలో ఉన్న పోగు కాబట్టే పొట్టిదైనా పట్టు నిలుస్తుంది. ఈ దువ్వడం, వడకడం దాదాపు పూర్తిగా ఆడవాళ్ల చేతిపని. నేతగాడి పేరైనా అప్పుడప్పుడు వినిపిస్తుంది గానీ ఆ ఆడవాళ్ల పేర్లు దాదాపు వినిపించవు. గాంధీజీ ఈ బట్ట గురించి యంగ్ ఇండియాలో రాశారు, పని చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పంపారు. పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది.

పాత బట్ట ఎవరిదో, ఎప్పటిదో తెలుసుకోవడానికి ఇంగ్లండులో గుర్రపుస్వారీ కోట్లు సేకరించేవాళ్లు ముందుగా లోపలి జేబు తిప్పి చూస్తారు. దర్జీ దుకాణం పేరు, కొన్నవాడి పేరు, కుట్టిన తేదీ అక్కడి చీటీ మీద ఉంటాయి. మన పంచెకు చీటీ ఉండదు. కానీ మూలన చాకలి నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు ఉండవచ్చు. అది ఏ ఇంటి బట్టో చెప్పే గుర్తు, ఉతికినా పోదు. ఇక నూలు సంగతి వెలుతురుకు ఎత్తిపడితే తెలుస్తుంది. చేతి నూలులో లావు, సన్నం కొద్దికొద్దిగా మారుతూ ఉంటాయి. మిల్లు నూలు ఒకే తీరుగా సాగిపోతుంది. ఈ తేడా గుర్తుపట్టగలిగినవాడే సేకరించాలి, లేకపోతే ప్రతి తెల్లపంచె పొందూరుదే అయిపోతుంది.

బట్ట కట్టుకోవడానికే, అందులోనూ ఖద్దరును పెట్టెలో దాచడం గాంధీ మాటకే విరుద్ధం అంటారు. న్యాయమైన మాటే. అయితే కొత్త పంచె కట్టుకోవాలి. కట్టడానికి పనికిరాకుండా అరిగిపోయినదాన్నే దాచమంటున్నాను. పాతది కొంటే నేటి వడికే చేతికి రూపాయి రాదన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. నిజమే, రాదు. కాకపోతే ఒకప్పుడు ఎంత సన్నంగా వడికారో, అంచు ఎంత నేర్పుగా కుదిర్చారో చూపించే బట్ట ఎదురుగా లేకపోతే, ఈనాటి పని ఏ మెట్టు మీదుందో ఎవరు చెబుతారు? కొలత పోయిన చోట నకిలీకి మంచి ధర పలుకుతుంది. పనిని వీడియో తీసి ఉంచితే చాలదా అంటే, చేతులు కదిలే తీరు వీడియోలో కనిపిస్తుంది. నూలు స్పర్శ దొరకదు.

మీ ఇంట్లో అలాంటి బట్ట ఉంటే గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఆరబెట్టండి. గంజికే పురుగు చేరుతుంది. ప్లాస్టిక్ సంచిలో మూయకండి, మన సముద్రపు గాలి చెమ్మకు బూజు పడుతుంది. పాత నూలుగుడ్డలో చుట్టి, ఏడాదికోసారి మడత మార్చండి. ఒకే మడతలో ఉంటే అక్కడే చిరుగుతుంది. ఎవరు కట్టారో, ఏ పెళ్లికో, ఏ ఏటిదో తెలిసినంత చీటీ మీద రాసి దానితోపాటు పెట్టండి. ఆ సంగతులు చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాసుకోండి.