నీళ్లు ఆపాల్సిన నెలలు

మొక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకు నీళ్లు పోయడం ఎవరూ నేర్పక్కర్లేదు. పోయకుండా ఊరుకోవడమే చేతకాదు. అడవిజాతి చిన్న ఆర్కిడ్లను ఇంట్లో పూయించడంలో కష్టమంతా అక్కడే ఉంది.

డెండ్రోబియం లిండ్లేయి సంగతే తీసుకోండి. అగ్రిగేటమ్ అనే పాతపేరుతో ఇప్పటికీ అమ్ముతుంటారు. ఆ పాతపేరు పెట్టింది మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్. మొక్క మాత్రం ఇక్కడిది కాదు. ఈశాన్య రాష్ట్రాల నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, దక్షిణ చైనా దాకా కొండ అడవుల్లో చెట్టుకొమ్మలను పట్టుకుని బతుకుతుంది. బొటనవేలంత ఉబ్బెత్తు కాడలు, వాటినే బల్బులంటాం, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఒక్కోదాని కొసన ఒక్కటే మందపాటి ఆకు. నీళ్లు దాచుకునేది ఆ బల్బుల్లోనే.

దీనికి మట్టి పనికిరాదు. గరుకు బెరడున్న మామిడికొమ్మ ముక్కకు బిగించి కట్టి, గాలి ఆడేచోట వేలాడదీయాలి. వేళ్లు చెక్కను కరుచుకున్నాక కదిలించకూడదు. ఉదయపు ఎండ కావాలి, మధ్యాహ్నానికి షేడ్ నెట్ ఉండాలి. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, నేను వాననీళ్లు పట్టి ఉంచుకుంటాను.

ఎండిన వేరు మీద నీళ్లు పడ్డప్పుడు దగ్గరికి వంగి చూడండి. వెండిరంగులో ఉన్న వేరు చూస్తుండగానే పచ్చబడుతుంది. పైపొర అంతా గాలి నిండిన చచ్చిన కణాలే. వాటిలోకి నీళ్లు చేరగానే లోపలి పచ్చదనం బయటికి తేలుతుంది. మళ్లీ తెల్లబడ్డాకే తర్వాతి తడి. క్యాలెండర్ చూసి నేనెప్పుడూ తడపను, వేరు రంగు చూసి తడుపుతాను.

వానాకాలమంతా కొత్త బల్బులు ఊరతాయి. అప్పుడు నీళ్లు ధారాళంగా ఇవ్వొచ్చు. 19-19-19 ఎరువును మామూలు మోతాదులో పావువంతు కలిపి చల్లితే చాలు. దీపావళి దాటాక ఎరువు పూర్తిగా మానేయాలి, నీళ్లు తగ్గించుకుంటూ పోవాలి. డిసెంబరు, జనవరి వచ్చేసరికి దాదాపు ఆపేయాలి. దాని సొంత అడవుల్లో ఆ నెలలు పొడిగా, రాత్రులు చల్లగా ఉంటాయి. ఆ పొడి, ఆ చలి తగిలితేనే అది మొగ్గ తొడుగుతుంది. హైదరాబాద్‌లో అప్పుడు రాత్రి వేడి 15 డిగ్రీల దరిదాపుకు దిగుతుంది, చలి సంగతి మనం చూసుకోనక్కర్లేదు. పొడి సంగతే మన చేతుల్లో ఉంది.

సంక్రాంతి నాటికి బల్బులు ముడతలు పడతాయి. "అయ్యో, ఎండిపోతోందే, కాసిని నీళ్లు చల్లకూడదూ!" అని మా అత్తయ్య ఆ మొక్క దగ్గరే నిలబడిపోతుంది. ఆవిడ మనసు నాకు తెలుసు, నాకూ చెయ్యి లాగుతూనే ఉంటుంది. కొద్దిపాటి ముడతలకు కంగారు పడక్కర్లేదు. మరీ వాడిపోతే పొద్దున్నే ఒక్క తడి, మధ్యాహ్నంలోగా ఆరిపోయేట్టు.

శివరాత్రి దాటాక బల్బు పక్కన ఆవగింజంత పచ్చని మొన కనిపిస్తుంది. అప్పుడూ తొందరపడొద్దు. మొన సాగి, మొగ్గలు విడివిడిగా తెలిశాకే నీళ్లు పెంచాలి. ఆ తర్వాత బంగారు పసుపు గుత్తి కిందికి జారుతుంది, పూల గొంతులో నారింజ రంగు, దగ్గరికి వెళితే తేనె వాసన. అంతా కలిపి ఉండేది కొద్దిరోజులే. పూలు రాలాక ఆ బల్బును కోసేయకండి, వచ్చే ఏడూ పూయొచ్చు.

కొనేటప్పుడు ఒక్క విషయంలో నేను రాజీపడను. అడవిలో పీకిన మొక్క వద్దు. ఆర్కిడ్ గింజ ధూళంత ఉంటుంది, అందులో తిండి నిల్వ ఉండదు. అడవిలో ఒక బూజు తోడైతే తప్ప మొలవదు. 1922లో లూయిస్ నడ్సన్ ఆ బూజు లేకుండానే, చక్కెర కలిపిన మాధ్యమంలో గాజు పాత్రలో మొలిపించవచ్చని చూపించాడు. అప్పటి నుంచి ల్యాబుల్లో మొలకెత్తించిన మొక్కలు వస్తున్నాయి. ఇంకా చెట్ల మీంచి ఊడబెరకడం ఎందుకు? తెగిన వేళ్లు, వాటికి అంటుకున్న బెరడు ముక్కలు, పురుగు కొట్టిన ముదురు ఆకులు కనిపిస్తే అనుమానించండి. ధర తక్కువని తీసుకోకండి.

అరకు, పాడేరు వైపు వెళ్లినప్పుడు చెట్ల మీద అకాంపే అనే ఆర్కిడ్ కనిపించవచ్చు, పసుపు మీద గోధుమరంగు చారలున్న చిన్న పూలతో. దాన్ని అక్కడే ఉండనివ్వండి. ఏ కొమ్మ మీద, ఎంత నీడలో ఉందో, వేళ్లకు గాలి ఏ వైపు నుంచి తగులుతోందో చూసి రాసుకుని రండి. మీ బాల్కనీలో చెక్క ఎక్కడ వేలాడదీయాలో తేల్చుకోవడానికి అది చాలు.